సాగదీతలో ఎవరు ఘనులు?

ప్రతిపక్షాలు బిల్లుల్ని సాగదీస్తాయని అధికారంలో ఎవరున్నా గోల పెడతారు. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ బిల్లు వచ్చినప్పుడూ అదే పాట. సవరణల మీద సవరణలు, అభ్యంతరాల మీద అభ్యంతరాలు, లోక్‌సభలో ఒవైసీగారు బిల్లు ప్రతిని పర్రున చింపెయ్యడం! ఎంత సాగదీశారంటే, 9న సభలో పెట్టిన బిల్లు ఆ అర్ధరాత్రి దాటగానే 311 ఓట్లతో గట్టెక్కింది. 11న రాజ్యసభ దాటింది. 12న రాష్ట్రపతి సంతకమూ అయిపోయింది. పలాసలో జీడిపిక్కలు ఎండి, కాలి, తొక్క ఊడి పప్పుగా డబ్బాకెక్కడానికి ఇంతకంటే ఎక్కువ రోజులే పడతాయి.

రాజ్యసభలో ప్రతిపక్షాలు సెలెక్టు కమిటీకి పంపమన్నాయి. 99 మంది సరేనన్నారు, 124 మంది కుదరదన్నారు. పంపి ఉంటే మా ఉద్దానం తీరం నుంచీ ఒక ప్రశ్న వెళ్లేదేమో. పౌరసత్వం ఇవ్వడానికి బిల్లులో రాసిన పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్ సరే, మన తాతలు పొట్టకూటికి ఓడెక్కి వెళ్లిన బర్మా ఏదీ అని. అడిగే తీరిక ఎవరికుంది? దేశానికి తొందర పని పడింది.

మన రాష్ట్రం వరకు ఆ బిల్లుకు ప్రతిపక్షమే లేదు. టెక్కలి ఎమ్మెల్యే అచ్చెన్నాయుడుగారిది టీడీపీ, పలాస అప్పటి ఎమ్మెల్యే అప్పలరాజుగారిది వైఎస్సార్‌సీపీ. ఇక్కడ ఒకరి ఫ్లెక్సీ పక్కన ఇంకొకరి ఫ్లెక్సీ నిలవదు. ఢిల్లీలో మాత్రం రెండు పార్టీలూ ముచ్చటగా మద్దతు పలికాయి.

సరిగ్గా ఆరు వారాలకు అమరావతిలో సీను మారింది. మూడు రాజధానుల బిల్లు శాసనమండలికి వచ్చింది. అక్కడ బలం టీడీపీది. ముందు ప్రభుత్వ విధానాన్ని తిరస్కరించే రూల్ 71 అన్నారు, తర్వాత సెలెక్టు కమిటీ అన్నారు. 2020 జనవరి 22న ఛైర్మన్ షరీఫ్‌గారు విచక్షణాధికారం కింద పంపేశారు. ఢిల్లీ బిల్లుకు జై కొట్టిన టీడీపీకి ఇప్పుడు సెలెక్టు కమిటీయే ప్రజాస్వామ్యానికి ప్రాణం. వైఎస్సార్‌సీపీకి అది పచ్చి కుట్ర. అయిదు రోజులు తిరక్కుండా శాసనసభ 133-0తో అసలు మండలినే రద్దు చెయ్యమని తీర్మానించింది. 2021 నవంబరులో రాజధానుల చట్టాన్నీ, మండలి రద్దు తీర్మానాన్నీ ఆ వైఎస్సార్‌సీపీ ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. అంత తొందరా అందుకే!

మరి పౌరసత్వ చట్టం? కమిటీకి నాలుగు వారాలివ్వడానికి మనసొప్పని కేంద్రం దానికి నిబంధనలు రాయడానికి నాలుగేళ్లు దాటి తీసుకుంది. గడువు పెంచండి, ఇంకాస్త పెంచండి అని హోంశాఖ పార్లమెంటు కమిటీలనే బతిమాలుకుంటూ వచ్చింది. చివరికి 2024 మార్చి 11న నిబంధనలొచ్చాయి. 16న ఎన్నికల షెడ్యూలొచ్చింది. ముహూర్తబలం అంటే అదీ.

ఈ కథంతా డయాలసిస్ మంచమ్మీదున్న మావకి చెప్పాను. వజ్రపుకొత్తూరు నుంచి వస్తాడు. చేతికి రెండు సూదులు. ఒక గొట్టంలో రక్తం వెళ్తోంది, ఇంకో గొట్టంలో తిరిగొస్తోంది. నాలుగు గంటలు కదలకూడదు. "ఏటి అల్లుడా, అపోజిషనోలు ఆపితే ఆగుతాదేటి? నాను చూసినకాడికి ఆగినవన్నీ గవర్నమెంటోలు ఆపినవే" అన్నాడు.

మావ లెక్క తప్పు కాదు. ఉద్దానంలో కిడ్నీలు పాడవుతున్నాయని 1990ల నుంచీ అందరికీ తెలుసు. పలాస కిడ్నీ ఆసుపత్రికి శంకుస్థాపన 2019 సెప్టెంబరులో, ప్రారంభం 2023 డిసెంబరు 14న. హిరమండలం నీళ్ల పథకానికీ ఆ రోజే రిబ్బన్ కత్తిరించారు. జబ్బుకు అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. ఈ మధ్యలో కాంగ్రెస్, టీడీపీ, వైఎస్సార్‌సీపీ అన్నీ కుర్చీ ఎక్కి దిగాయి. ఇన్నేళ్ల సాగదీతకు ఏ స్పీకరూ ఎవర్నీ ఒక్క పూట సస్పెండు చెయ్యలేదు.

కాబట్టి దేశంలోని సమస్త ప్రతిపక్షాలకూ ఒక మనవి. కాగితాలు చింపి, పోడియం ఎక్కి మీరు పూటో రోజో ఆపగలరు, అంతే. ఏళ్ల తరబడి ఆపాలనుంటే ముందు అధికారంలోకి రండి.