స్టాండు వేసిన చోటే స్టూడియో

తెల్లవారుజామున వీధిలో సైకిలు బెల్లు మోగితే పాలబ్బాయో పేపరబ్బాయో అనుకునే రోజులు పోయాయి. వాళ్లిద్దరికీ మోటారుసైకిళ్లు వచ్చేశాయి. ఇప్పుడు హైదరాబాద్‌లోని మా బౌద్ధనగర్‌లో ఆ వేళప్పుడు బెల్లు మోగిందంటే అది బొమ్మలాయనే.

పేరుతో మనకు పనిలేదు. ఇలాంటాయన కాలనీకొకడు ఉంటాడు. మా వాటాకు వచ్చినాయన రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. చిన్నప్పుడు డ్రాయింగ్ లోయర్ పాసయ్యాడు. హయ్యర్‌కు ఫీజు కట్టేలోపు ఉద్యోగం వచ్చింది. "అదే రాకపోయుంటేనా..." అని ఆపుతాడు. ఆ తర్వాత ఏమయ్యుండేదో ఎవరూ అడగరు. అడిగితే చెబుతాడని భయం.

రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బులో మొదటి ఖర్చు గేర్ల సైకిలు. ఇరవయ్యొక్క గేర్లట. ఆయన వాడేవి రెండే, ఒకటి ఎక్కి తొక్కడానికి, రెండోది దిగి నెట్టుకెళ్లడానికి. కింద పార్కింగులో స్కూటర్లు ఇంచీ వదలవు కాబట్టి రోజూ సైకిలును రెండో అంతస్తుకు భుజాన వేసుకుని మోస్తాడు. ఆయన సైకిలెక్కి తిరిగిన దూరం కన్నా సైకిలు ఆయన్నెక్కి తిరిగిన దూరమే ఎక్కువని వాళ్లావిడ లెక్క.

ముందు బుట్టలో సరంజామా చూస్తే తిరుపతి ప్రయాణమేమో అనిపిస్తుంది. రంగుల పెట్టె, మడత స్టూలు, 2బి నుంచి 8బి దాకా పెన్సిళ్లు, వాటిని చెక్కడానికి బ్లేడు (షార్పనర్ వాడేవాడు చిత్రకారుడే కాడు), రంగు కలిపే నీళ్లకొక సీసా, తాగే నీళ్లకొక సీసా, ఏది ఏదో గుర్తుండటానికి ఒకదానికి రబ్బరు బ్యాండు. ఏ సీసాకు రబ్బరు బ్యాండు వేశాడన్నది మాత్రం గుర్తుండదు. అన్నిటి పైన 300 జీఎస్ఎం వాటర్‌కలర్ కాగితాల పుస్తకం. ఆ కాగితం ఖరీదు తలుచుకుంటే దాని మీద గీత పెట్టడానికి చెయ్యి రాదు. అందుకని రోజూ తీసుకెళ్లి, రోజూ భద్రంగా తీసుకొస్తాడు. గీసేది పాత రైల్వే డైరీల్లో. ఆయన గీసిన చెట్ల వెనక నుంచి ఏకాదశులూ సెలవులూ కనబడుతుంటాయి.

ఆరుబయట కూర్చుని రంగులు వేసే భాగ్యం లోకానికి కలిగించింది జాన్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు. రంగును తగరపు ట్యూబులో నింపి మూత బిగించడం 1841లో ఆయన కనిపెట్టాడు. అంతకు ముందు పంది మూత్రాశయంతో చేసిన సంచుల్లో రంగు పోసి మోసేవాళ్లు. ఈ కథ మా బొమ్మలాయన ఎదురుపడ్డ ప్రతివాడికీ చెబుతాడు. అయితే ట్యూబును ప్యాంటు వెనక జేబులో పెట్టుకుని సీటు మీద కూర్చోకూడదని జాన్ రాండ్ చెప్పలేదు. పాపం ఎలా చెబుతాడు, పెడళ్ల సైకిలు జనంలోకి రావడానికి అప్పటికింకా ఇరవై ఏళ్లుంది. సీతాఫల్‌మండి టీకొట్టు దగ్గర ఆ రోజు నుంచీ మా ఆయన్ని "నీలం సార్" అంటారు. అది తన నీలాకాశాల మీద గౌరవమని ఆయన నమ్మకం.

రైలు పట్టాలకు ఇవతల బౌద్ధనగర్, అవతల ఉస్మానియా యూనివర్సిటీ. కాకి రెక్క విప్పితే చేరుకునే దూరమే. మనిషి మాత్రం సీతాఫల్‌మండి వైపు నుంచో అడిక్‌మెట్ వైపు నుంచో చుట్టు తిరగాలి. ఆ చుట్టులో రెండు ఎత్తులున్నాయి, అంటే రెండో గేరుకు బాగా పని. క్యాంపస్‌లోకి వచ్చాక నడకవాళ్లు, పరుగువాళ్లు, యోగావాళ్లు అందరూ తలా ఒక ఉద్దేశంతో పోతుంటే, ఈయన ఆర్ట్స్ కాలేజీ ఎదురుగా స్టాండు వేసి, ఒక కన్ను మూసి, పెన్సిలు ముందుకు చాపి, బొటనవేలితో కొలుస్తాడు. ఈ కొలత బొమ్మలో ఎక్కడా వాడడు. కానీ అది చెయ్యకపోతే చూసేవాళ్లకు చిత్రకారుడని ఎలా తెలుస్తుంది?

అసలు ఆర్ట్స్ కాలేజీ గీయడం అనుకున్నంత సులువు కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. గులాబీ రంగు గ్రానైటు. నట్టనడుమ ఆకాశాన్ని కోసినట్టుండే పెద్ద కమాను, అటూ ఇటూ సరిసమానంగా చాచిన రెండు రెక్కలు, దగ్గరికెళ్తే గుహాలయాల్లో కనిపించే తరహా స్తంభాలు, వాటి మీద మసీదు తరహా వంపులు. ఎడమ రెక్కలో కిటికీ ఒకటి తప్పితే కుడి రెక్కలో దాని జోడీ పట్టేస్తుంది. మా ఆయన ఎప్పుడూ ఎడమ నుంచి మొదలుపెడతాడు, కమాను దగ్గరికి వచ్చేసరికి ఎండ నెత్తికెక్కుతుంది. కుడి రెక్క ఆయన డైరీల్లో ఇంతవరకూ నిర్మాణం కాలేదు.

"ఇంటికెళ్లి పూర్తి చెయ్యొచ్చుగా?" అన్నారెవరో. ఆ ప్రశ్నకు ఆయన దగ్గర ఒక రాజ్యాంగమే ఉంది. 2007లో అమెరికాలోని సియాటిల్‌లో గాబ్రియెల్ కాంపనారియో అనే పత్రికా చిత్రకారుడు అర్బన్ స్కెచర్స్ అని మొదలుపెట్టాడు. ఇవాళ ప్రపంచంలో ఎన్నో నగరాల్లో వాళ్లున్నారు. వాళ్ల మొదటి సూత్రం, ఏదైనా ఎదురుగా కూర్చుని, చూస్తూ, అక్కడికక్కడే గీయాలి. మా ఆయనకు మిగతా సూత్రాలు అంతగా పట్టవు గానీ ఈ ఒక్కటీ ప్రాణం. ఇంట్లో కూర్చుని గీత కలిపితే మహాపాపం. అలా ఆయన సగం బొమ్మలన్నీ బద్ధకం వల్ల కాక సిద్ధాంతం వల్ల సగంలో ఉన్నాయి.

ఒకసారి రంగు నీళ్ల సీసా తాగేశాక (రబ్బరు బ్యాండు సంగతి చెప్పాను కదా) వేరే దారి లేక చాయ్‌లో కుంచె ముంచి గోడలకు పూశాడు. ఆశ్చర్యం, గులాబీ గ్రానైటు మీద పొద్దుటి వెలుగు అచ్చం దిగింది! పొంగిపోయి ఆ బొమ్మను హాల్లో టీవీ పక్కన ఆనించి పడుకున్నాడు. చాయ్‌లో చక్కెర ఎక్కువ. తెల్లారేసరికి చీమలు ఎడమ రెక్కంతా ఎక్కి కమాను దాకా వచ్చేశాయి. ఆయన బొమ్మ వెతుక్కుంటూ అంతమంది రావడం అదే మొదలు.

క్యాంపస్‌లో ఆయనకు శ్రోతలు చెట్ల కింద గ్రూప్స్‌కూ డీఎస్సీకీ చదువుకునే పిల్లలు. ఒకతను వెనక నిలబడి చాలాసేపు చూసి అడిగాడు.

"డ్రాయింగ్ టీచర్ పోస్టులు పడ్డయా సార్?"

"లేదు బాబూ, ఊరికే గీస్తున్నా."

"ఊరికెనా? మరెందుకు సార్?"

దీనికి ఆయన దగ్గర జవాబు లేదు, దామెర్ల రామారావు ఉన్నాడు. దామెర్ల వారు 1897లో పుట్టి 1925లోనే పోయారనీ, ముప్ఫయ్యేళ్లు కూడా నిండకుండా ఆంధ్ర చిత్రకళకు దారి వేశారనీ, రాజమండ్రిలో ఆయన పేర ఆర్టు గ్యాలరీ ఉందనీ తన్మయంగా చెప్పాడు. ఆ అబ్బాయి నోటుబుక్కు తీసి రాసుకున్నాడు. "బిట్టు పడొచ్చు సార్" అని, బదులుగా తన దగ్గరున్నదీ గడగడా అప్పజెప్పాడు. "ఉస్మానియా యూనివర్సిటీ 1918, ఏడో నిజాం. ఆర్ట్స్ కాలేజీ ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్, బెల్జియం. శంకుస్థాపన 1934, ప్రారంభం 1939." మా ఆయన ఎదురుగా ఉన్న కట్టడాన్నీ చేతిలో ఉన్న బొమ్మనూ మార్చి మార్చి చూసుకున్నాడు. అంత పెద్ద రాతి భవనం వాళ్లు అయిదేళ్లలో ముగించారు, అందులోనూ కుడి రెక్కతో సహా.

యూనివర్సిటీ పక్కనున్న తార్నాక మాత్రం ఆయనకు అచ్చిరాదు. 2017 నవంబరులో మెట్రో వచ్చాక ఆ స్తంభాలను చూసి మురిసిపోయాడు, నిలువు గీతలకు స్కేలు అక్కర్లేదని. కానీ చౌరస్తా దగ్గర కూర్చుని ఏది గీయబోయినా, అది సగానికి రాగానే ముందు ఒక డీసీఎం వ్యాను వచ్చి ఆగుతుంది. వ్యాను గీద్దామని మొదలుపెడితే అది వెళ్లిపోతుంది. అక్కడి డైరీ పేజీల్లో చక్రాలు మాత్రమే ఉన్నాయి.

అసలు కథ మాత్రం మా గల్లీలోనే జరిగింది.

మూల మీద ఒక పాత పెంకుటిల్లుండేది. షాబాదు బండల మెట్లు మూడు రోడ్డు మీదికి వచ్చి ఉండేవి. బొమ్మలాయన ఎదురు అరుగు మీద కూర్చుని దాన్ని గీయడం మొదలుపెట్టాడు. ఇంటి వంక చూడటం, కాగితం మీద గీత, మళ్లీ ఇంటి వంక చూడటం. 2024 జూలైలో ఆక్రమణలు కూల్చే హైడ్రా పుట్టినప్పటి నుంచీ నగరంలో ఎవరైనా కాగితం పట్టుకుని మన గోడ వంక అలా చూస్తే గుండె జారుతుంది. ఇంటి పెద్దమ్మ బయటికి వచ్చింది.

"ఏం రాస్కుంటున్రు సారూ?"

"బొమ్మ గీస్తున్నానమ్మా."

"అందరు గట్లనే అంటరు. మెట్లు గూడ ఎక్కించినవా?"

"ఎక్కించానమ్మా. అందమంతా మెట్లలోనే ఉంది."

"అందం వద్దు ఏం వద్దు బిడ్డా, అవి తీసెయ్యి. నీకు పుణ్యముంటది."

లోపల్నుంచి చాయ్ వచ్చింది. సాసరులో ఉస్మానియా బిస్కెట్లు రెండు. ఆయన చాలా నచ్చజెప్పాడు, డైరీ చూపించాడు, ఏకాదశి కూడా చూపించాడు. ఆమె కన్ను ఆ మూడు గీతల మీది నుంచి కదల్లేదు. చివరికి బిస్కెట్లు తిన్నందుకైనా రబ్బరు తీసి మెట్లు చెరిపేశాడు. మర్నాడు పక్కింటాయన వచ్చి "మా బాల్కనీ గూడ జర లోపటికి జరపండి సార్" అన్నాడు, వెంట మిర్చి బజ్జీలు. ఇంకొకరి రేకుల షెడ్డు, మరొకరి బోరు మోటారు గది. వారం తిరిగేసరికి ఆ గల్లీలోని ఆక్రమణలన్నీ కాగితం మీద తొలగిపోయాయి. అంత శుభ్రంగా, ఒక్క కోర్టు కేసు లేకుండా, ఏ నగరంలోనూ జరిగి ఉండదు.

ఇంట్లో ఆయన పరపతి మాత్రం పెరగలేదు. కూరగాయలకు పంపిస్తే బండి గీసుకుని వచ్చాడు. వాళ్లావిడ బొమ్మ అందుకుని, బండి మీది పలక చదివి, "టమాటా కిలో ఇరవై అని మీరే రాశారుగా, మరి తేలేదేం?" అంది. నాకు తెలిసి ఆయన బొమ్మను అంత శ్రద్ధగా చూసింది ఆవిడొక్కతే.

తర్వాత ఆ పెంకుటిల్లు డెవలప్‌మెంటుకు ఇచ్చారు. ఇప్పుడక్కడ అయిదంతస్తులు లేచాయి. పెద్దమ్మ కూతురు అమెరికా నుంచి వచ్చినప్పుడు, మన ఇంటి బొమ్మ ఎవరి దగ్గరో ఉందటగా అని వెతుక్కుంటూ రెండో అంతస్తుకు వచ్చింది. డైరీ తెరిచి చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంకుల్, మెట్లేవి? సాయంత్రమైతే అమ్మ కూర్చునేది వాటి మీదనే కదా" అంది. అమ్మే చెరిపించిందని చెబితే నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయామెకు.

ఆ రాత్రి బొమ్మలాయన భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాడు. ఖరీదైన పుస్తకం మొదటిసారి తెరిచాడు. ఇల్లు గీశాడు, పెంకులు పేర్చాడు, మూడు మెట్లూ పెట్టాడు. మధ్య బండకు ఒక మూల విరిగి ఉండేదని ఆయనకు తప్ప గల్లీలో ఎవరికీ గుర్తులేదు.

"ఏవండీ, అక్కడికక్కడే గీయాలని కదా మీ రూలు?" అంది వాళ్లావిడ నీళ్ల గ్లాసు పెడుతూ.

"అక్కడ ఇప్పుడు లేదుగా" అన్నాడు తలెత్తకుండా.

అంచు నుంచి అంచు దాకా పూర్తయిన ఆయన బొమ్మ అదొక్కటే. అది ఇప్పుడు డాలస్‌లో ఉంది. ఆ సంగతి అడిగిన వాళ్లకూ అడగని వాళ్లకూ చెబుతున్నాడు, జాన్ రాండ్ వెనకబడ్డాడు.

కాలనీల్లో రిటైరైన వాళ్లు పెట్టుకునే వ్యాపకాలు చాలా చూశాను. అపార్ట్‌మెంటు సంఘానికి అధ్యక్షులవుతారు, పొద్దున్నే మైకులో సుప్రభాతం పెడతారు, వాట్సాప్‌లో వైద్యం చేస్తారు. వాళ్లందరిలో ఇరుగుపొరుగుకు బొత్తిగా హాని లేనివాడు ఈయనే. కాబట్టి పొద్దున పూట ఆర్ట్స్ కాలేజీ వైపు వెళ్లేవాళ్లకు ఒక మనవి. ఎడమ రెక్క ఎదురుగా ఒక గేర్ల సైకిలు, దాని పక్కన ఒక కన్ను మూసుకున్న మనిషి కనబడితే మీ కారు నాలుగడుగులు అవతల ఆపండి. మీ బొమ్మ గీస్తానంటే కూర్చోండి, ముక్కు మీది కాదనిపిస్తే పట్టించుకోకండి. డబ్బు ఇవ్వబోతే తీసుకోడు. ఫ్రేము మాత్రం మనమే కట్టించుకోవాలి.