బగ్ నంబర్ 1

2004లో ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మొదలైనప్పుడు దాని వ్యవస్థాపకుడు మార్క్ షటిల్‌వర్త్ బగ్ నంబర్ 1 అని ఒకటి నమోదు చేశాడు: మార్కెట్లో మెజారిటీ వాటా మైక్రోసాఫ్ట్‌దేనని. 2013లో ఆయనే దాన్ని మూసేశాడు. విండోస్‌ను ఓడించామని కాదు లెండి, ఫోన్లూ ట్యాబ్లెట్లూ వచ్చి లెక్కలు మారాయని!

అప్పటికే ఇంట్లో సొంత బగ్గులు పెరుగుతున్నాయి. 2012లో, మీ కంప్యూటర్లో మీ ఫైలు మీరు వెతుక్కుంటే పక్కనే అమెజాన్ సరుకులు పరిచారు. వద్దు మొర్రో అన్నా 2011లో యూనిటీ అనే కొత్త డెస్క్‌టాప్‌ను అంటగట్టారు. జనం తిట్టుకుంటూనే అలవాటు పడ్డారు. సరిగ్గా అప్పుడు, 2017లో, దాన్నీ వదిలేశామన్నారు.

అసలు తమాషా 22.04 వెర్షన్‌లో. టెర్మినల్లో 'ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫైర్‌ఫాక్స్' అని కొడతారు. మామూలు డెబ్ ప్యాకేజీ వచ్చినట్టే వస్తుంది. విప్పి చూస్తే లోపల బ్రౌజరే లేదు, స్నాప్ అనే ఉబుంటు సొంత తరహా ప్యాకేజీని దించమనే చీటీ ఉంది! విడుదలైన కొత్తలో ఆ స్నాప్ మొదటిసారి కళ్లు తెరిచేలోపు వెళ్లి కాఫీ కలుపుకుని రాగలిగేవాళ్లం. ఆలస్యమవుతున్న మాట నిజమేనని తయారీదారులే ఒప్పుకుని మరమ్మతుకు దిగారు. విడుదలకు ముందు ఒక్కసారి తెరిచి చూసుకుంటే ఏం పోయేదో.

ఇక అప్‌డేట్ కొడితే మధ్యలో 'ఉబుంటు ప్రో' అనే చందా సేవ ప్రకటన. సొంతానికైతే ఐదు కంప్యూటర్ల దాకా ఉచితమేనట, ఖాతా తెరిస్తే చాలట.

అలిగినవాళ్లు లినక్స్ మింట్‌కు మూట సర్దుకుంటున్నారు. దాని ప్రధాన వెర్షన్ కూడా ఉబుంటు పునాది మీద కట్టిందే. కాకపోతే 2020 నుంచి స్నాప్‌కు మాత్రం గుమ్మంలోనే అడ్డుకట్ట వేశారు.