‘ఇది స్పామ్ కాదు’: సటీకా తాత్పర్యము

మూలము

“డియర్ సర్/మేడమ్, మీరు క్షేమమని తలుస్తాము. గుంటూరు మిర్చి ఎగుమతిలో మేము అగ్రగాములము. మీ విలువైన రిక్వైర్‌మెంట్ తెలుపగలరు. ఇది స్పామ్ కాదు.”

అవతారిక

ఈ గ్రంథకర్త మా తోడల్లుడి కొడుకు. వాళ్ల నాన్నకి గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. వీడు ఒక మెట్టు పైకెక్కి ఎగుమతి మొదలుపెట్టాడు. మూలం ఇంగ్లీషు, టీక కోసం నేనే తెనిగించాను. రచనాకాలం మార్చి నెల, అంటే యార్డులో టిక్కీ (మిర్చి గోతం) మీద టిక్కీ పేర్చి, ఆ దారిన పోయేవాళ్లందరూ తుమ్మే కాలం.

ఎక్కడో ఐదు వేల ‘లీడ్ల’ జాబితా డబ్బు పెట్టి కొని, ఒక్క రాత్రిలో అందరికీ ఈ ఉత్తరం పంపాడు. ఒక్క జవాబు రాలేదు. అన్నీ స్పామ్‌లో పడ్డాయని తేల్చిన డిజిటల్ మార్కెటింగ్ గురువొకడు ఫీజు పుచ్చుకుని నాలుగు ఉపాయాలు చెప్పాడు: ‘ఫ్రీ’ అనే మాట అక్షరాల మధ్య చుక్కలు పెట్టి రాయమని, సబ్జెక్టు ముందు ‘రీ’ అని చేర్చి పాత ఉత్తరానికి జవాబులా కనిపించేట్టు చెయ్యమని, ఇట్లాంటివి. ఐదో ఉపాయం బ్రహ్మాస్త్రం: చివర్న ‘ఇది స్పామ్ కాదు’ అని రాయడం.

“పెదనాన్నా, ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పారు గదా. మాటలు కాస్త అటూ ఇటూ మార్చి దీన్ని స్పామ్‌లోకి పోకుండా చెయ్యండి” అని కాగితం నా చేతిలో పెట్టాడు. వ్యాఖ్యానం చెయ్యమని నన్నెవరూ అడగలేదు. వాడి ఉత్తరాన్నీ ఎవరూ అడగలేదు గనుక సరికి సరి.

ప్రతిపదార్థము

డియర్ = ప్రియమైన. స్పష్టము. (ముక్కూ మొహం తెలియని ఐదు వేల మంది మీద ఇంత ప్రేమ ఎక్కణ్నుంచి వచ్చిందని శిష్యుడు అడిగినను స్పష్టమనియే చెప్పవలెను.)

సర్/మేడమ్ = అయ్యా లేక అమ్మా. నడుమ గీత ఉన్నందున ద్వంద్వము కాదు, ఏకశేషమూ కాదు. ఈ గీత అజ్ఞానద్యోతకము. చదివేది ఆడో మగో కవికి తెలియదు. పది టన్నుల తేజ రకం మిర్చి కావాలని మాత్రం తెలుసు.

క్షేమము, అగ్రగాములు, విలువైన = స్పష్టము.

రిక్వైర్‌మెంట్ = కావలసినది. ఎవరికి కావలసినది అన్నచోట వ్యాఖ్యాతలకు ఏకాభిప్రాయము లేదు.

ఇది స్పామ్ కాదు = ఇక్కడ ఆగవలెను.

విశేషములు

వ్యాకరణవేత్తలు ‘న’కారానికి ఆరు అర్థాలు చెప్పారు: పోలిక, లేమి, వేరుతనం, కొద్దితనం, చెడ్డతనం, విరోధం. ఇందులో కవి హృదయం ఏది? లేమి కాదు, వస్తువు కళ్లెదుటే ఉంది. వేరుతనం అందామంటే స్పామ్ కాక మరేమిటో చెప్పలేదు. విరోధం, అంటే ఈ ఉత్తరం స్పామ్‌కి శత్రువనడం, వాళ్ల నాన్న కూడా ఒప్పుకోడు. పోలిక అంటే కొంత కుదురుతుంది: స్పామ్‌లాగే ఉంటుంది గాని పేరు వేరు. కొద్దితనం ఇంకా బాగుంది. ‘అనుదర’ అంటే పొట్టే లేని పిల్ల కాదు, సన్నని నడుము గల పిల్ల; అట్లాగే ఇది సన్నపాటి స్పామ్. చెడ్డతనం తీసుకుంటే, స్పామ్‌గా కూడా నాసిరకమని అర్థం. నాకు ఈ చివరి పక్షమే రుచిస్తున్నది.

మీమాంసకులది మరో పట్టు. ప్రసక్తి ఉన్నచోటే నిషేధం. ఎవరూ తలవనిదాన్ని కాదనడం దోషం. కారం కొట్టు ముందు ‘మా కారంలో ఇటుకపొడి కలపము’ అని బోర్డు కడితే, అప్పటిదాకా లేని అనుమానాన్ని కొట్టువాడే పుట్టించాడన్నమాట. ఐదో ఉపాయం చేసిన పని ఇదే.

‘స్పామ్’ శబ్దవ్యుత్పత్తి: 1937లో అమెరికాలో వచ్చిన డబ్బా మాంసం పేరు. 1970లో మాంటీ పైథాన్ అనే ఆంగ్ల హాస్యబృందం ఒక హోటల్లో ఏమడిగినా అదే వడ్డించే నాటిక ఆడింది. పేరు అక్కడ పట్టుకుంది. పని అంతకు తరవాతది: 1978 మే 3న గ్యారీ థర్క్ అనే కంప్యూటర్ కంపెనీ ఉద్యోగి ఇంటర్నెట్‌కి పూర్వరూపమైన ఆర్పానెట్ మీద దాదాపు నాలుగు వందల మందికి ఒకే అమ్మకపు ఉత్తరం పంపి చీవాట్లు తిన్నాడు.

మన వాఙ్మయంలో ఈ శాస్త్రం ఇంతకన్నా చాలా పాతది. అది సుందరకాండలో ఉన్నది. అంతకుముందే రావణుడి సన్యాసి వేషం చూసి భిక్ష పెట్టబోయి సీతమ్మ మోసపోయింది. పంపినవాడి పేరు దొంగ పేరైతే ఏమవుతుందో ఆమెకి అనుభవమే. అందుకే అశోకవనంలో హనుమంతుడు తొందరపడలేదు. శింశుపా వృక్షం మీద కూర్చుని, ఏ భాషలో మొదలుపెడితే ఈ తల్లి బెదరదు అని తర్కించుకున్నాడు. పండితుడిలా సంస్కృతం మాట్లాడితే రావణుడనుకుంటుందని భయపడ్డాడు. దశరథుడి దగ్గర్నుంచి రామకథ మెల్లగా వినిపించాడు. అయినా ఆమె నమ్మలేదు. రాముడి గుర్తులు చెప్పమంది; చెప్పాడు. అప్పుడు గదా ఉంగరం ఇచ్చాడు! తిరుగు టపాలో ఆమె చూడామణి పంపింది. ఇద్దరికే తెలిసిన కాకాసుర వృత్తాంతం దానికి జత. ‘డియర్ మేడమ్, నేను వానరులలో అగ్రగామిని’ అని ఆయన మొదలుపెట్టి ఉంటే యుద్ధకాండ ఉండేది కాదు. కిష్కింధలో మొదటిసారి రాముణ్ని కలిసినప్పుడు ఈ హనుమంతుడే భిక్షువు వేషంలో వచ్చాడు. అయినా రాముడు మాటతీరు చూసి ఒక్క తప్పు లేదని లక్ష్మణుడితో మెచ్చుకున్నాడు. మా గురువుగారి మాటతీరు…

ఎక్కడున్నాం? ఆఁ, ఉంగరం.

నేటి టపాకి ఉంగరాలు మూడు. డొమైన్ యజమాని తన పేరు మీద ఉత్తరాలు పంపడానికి ఏ సర్వర్లకి హక్కుందో బయట పెట్టే జాబితా ఎస్పీఎఫ్. రహస్యపు తాళంచెవితో ప్రతి ఉత్తరం మీదా వేసే ముద్ర డీకిమ్. ఇవి కుదరకపోతే ఆ ఉత్తరాన్ని వదిలెయ్యాలా, పక్కన పెట్టాలా, తిప్పికొట్టాలా అని యజమాని ఇచ్చే ఆజ్ఞ డీమార్క్. 2024 ఫిబ్రవరి నుంచి, జీమెయిల్ ఖాతాలకు రోజుకు ఐదు వేలు దాటి పంపేవాళ్లకి ఈ మూడూ ఉండాల్సిందే. అమ్మకపు ఉత్తరమైతే ఒక్క నొక్కుతో వద్దనే వీలుండాలి. స్పామని ఫిర్యాదు చేసేవాళ్లు 0.3 శాతానికి చేరకూడదు. అంటే వెయ్యిమందిలో ముగ్గురు విసుక్కుంటే చాలు.

ఇందులో యార్డు వాళ్లకి వింతేమీ లేదు. 2003లో మన దేశం నుంచి వెళ్లిన కారంలో సుడాన్ రంగు దొరికాక, యూరప్ వాళ్లు సరుకుతో పరీక్ష కాగితం ఉండాలన్నారు. కలిపింది కొందరు, కాగితం మాత్రం అందరి నెత్తినా పడింది. టపాలోనూ అంతే.

శంక – సమాధానము

శంక: “మూడు ఉంగరాలూ పెట్టించాను పెదనాన్నా. అయినా స్పామ్‌లోకే పోతున్నాయేంది?”

సమాధానం: ముద్ర పంపినవాడెవడో చెబుతుంది, అందుకునేవాడికి కావాలో వద్దో చెప్పదు. రావణుడు తన సొంత పేరుతో, పది తలలతో వచ్చినా సీతమ్మ గీత దాటేది కాదు.

తాలు ఏరే ఆడవాళ్లని చూడరా. గోతం మీద ఎవరి మార్కు ఉందో చూస్తారా? కాయ చేతిలోకి తీసుకుంటారు, రంగు చూస్తారు, తెల్లబడింది పక్కకి విసురుతారు. టపా జల్లెడా అంతే; ఎవరు తెరిచారు, ఎవరు చదవకుండా పారేశారు, ఎవరు వద్దన్నారు అని చూస్తుంది. నువ్వు కొన్న జాబితాలో సగం చిరునామాలు ఎప్పుడో చచ్చినవి. కొన్ని జల్లెడవాళ్లే ఉచ్చుగా పెట్టుకున్నవి. వాటికి రాసినవాడు అడగకుండా రాసేవాడని రుజువైపోతుంది. ఆ జాబితాకి పంపి, ‘ఫ్రీ’లో చుక్కలు పెట్టడమంటే, కాటా ముందు కాయకి నీళ్లు కొట్టడమే. ఖరీదుదారు చెయ్యి పెట్టగానే నెమ్ము తెలుస్తుంది.

ఇక్కడ వ్యాఖ్యాత సొంత గోడు. క్షమించవలెను. కిందటేడు నా జీవన ప్రమాణ పత్రం సరిగా అందలేదని ఒక ఆఫీసు ఉత్తరం పంపింది. నేను చూడలేదు. రోజూ వచ్చే నలభై ‘డియర్ సర్’ల మధ్య అది నా స్పామ్‌లో పడింది, నేను ఆ పెట్టె తెరవడం ఎప్పుడో మానేశాను. రెండు నెలలు పింఛను ఆగింది. బతికున్నావా అని నిజంగా అడిగిన ఒక్క ఉత్తరాన్ని, ‘మీరు క్షేమమని తలుస్తాము’ అన్న ఉత్తరాలు కప్పేశాయి. ఇట్లా పోగొట్టుకున్నవాళ్లకి గురువులు ఫీజు వాపసు ఇవ్వరు.

తాత్పర్యము

మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని కోలాచలం మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. నేను ఆ నియమం పాటించలేదు. మూలంలో ఏమీ లేకపోవడం అందుకు కారణం. రకం లేదు, రంగు లేదు, ధర లేదు, అడిగినవాడు లేడు. స్పామ్‌లోకి పోకుండా చేసే మాట తెలుగులో గాని సంస్కృతంలో గాని లేదని మా వాడికి చెప్పి, జాబితా పారేయించాను. వాళ్ల నాన్నతో బేరం చేసినవాళ్లూ, ప్రదర్శనలో వీడి స్టాల్లో కార్డిచ్చి ధర పంపమన్నవాళ్లూ కలిసి పదకొండు మంది తేలారు. ఒక్కొక్కరికీ పేరు పెట్టి విడివిడిగా రాయించాను. కొలంబోకి వెళ్లినది ఇది:

“కిందటేడు మీరడిగిన తొడిమ తీసిన తేజ ఈ వారం ఆరు టన్నులు చేతికొచ్చింది. తేమ, ఆస్టా రంగు, అఫ్లటాక్సిన్ పరీక్ష కాగితాలు జతచేశాను. చెన్నై రేవు దాకా ధర కింద ఉంది. అక్కర్లేకపోతే ఒక మాట రాయండి, మళ్లీ రాయను.”

దీనికి టీక అక్కర్లేదు.