వంటసోడా చేసిన నేరం

వంటసోడా మహిమ మన ఆడవాళ్లకు తెలిసింది కొంతే. బజ్జీల పిండిలో చిటికెడు పడితే బజ్జీ పొంగుతుంది. అమెరికాలో కొకైన్‌లో పడితే జైలుశిక్ష పొంగుతుంది.

పొడి కొకైన్‌కు సోడా తగిలి గడ్డకడితే దాన్ని క్రాక్ అంటారు. మత్తుమందు ఒకటే. కానీ 1986లో అధ్యక్షుడు రీగన్ సంతకం చేసిన చట్టం ప్రకారం, పొడి అమ్ముతూ తప్పనిసరిగా కనీసం అయిదేళ్లు జైలుకెళ్లాలంటే అరకిలో ఉండాలి. గడ్డయితే 5 గ్రాములు చాలు. అక్కడ పెద్ద పొట్లం, ఇక్కడ చెంచాడు. నూరు రెట్లు! రెండేళ్లకు ఇంకో మెట్టెక్కారు: అమ్మక్కర్లేదు, జేబులో క్రాక్ 5 గ్రాములు మించి ఉన్నా కనీసం అయిదేళ్లే.

1986 చట్టం అంత తొందరగా రావడానికి కారణం లెన్ బయాస్ అనే బాస్కెట్‌బాల్ ఆటగాడు. ఆ ఏడాది జూన్‌లో కొకైన్‌తో చనిపోయాడు. క్రాకే చంపిందని దేశమంతా గగ్గోలు. పీల్చింది పొడేనని తోటివాడు కోర్టులో చెప్పేసరికి చట్టం రావడం, అమలవడం కూడా అయిపోయాయి.

ఈ చట్టంలో జాతి మాటే లేదంటారు సమర్థకులు. నిజమే, లేదు. సర్వేల్లో క్రాక్ వాడినవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు. క్రాక్ కేసుల్లో ఫెడరల్ కోర్టుల్లో శిక్షపడ్డవాళ్లలో అయిదుగురికి నలుగురు నల్లవాళ్లు. పోలీసులకు నల్లవాళ్ల వీధులే దారిలో తగిలాయి కాబోలు! రెండింటికీ ఒకే తూకం పెట్టమని శిక్షల కమిషన్ 1995లో చెబితే కాంగ్రెస్ కొట్టిపారేసింది, ఆ తిరస్కారానికి అధ్యక్షుడు క్లింటన్ సంతకం పెట్టాడు.

2010లో కాస్త దయ పుట్టి నూరు రెట్లు పద్దెనిమిదయ్యాయి. ఏ ప్రయోగశాలలో తేలిందని అడక్కండి, అది బేరంలో తెగిన అంకె. భారతంలో పర్వాలూ పద్దెనిమిదే, అక్షౌహిణులూ పద్దెనిమిదే కనుక మనమైనా గౌరవిద్దాం.

ఫ్లోరిడాలో 4 గ్రాములైనా లేని క్రాక్‌తో దొరికిన ఒక నల్లజాతీయుడికి, పాత కేసులూ కలిపి, పదిహేనేళ్ల పైన పడింది. 2010 నాటి తగ్గింపు పాత ఖైదీలకూ వర్తిస్తుందని 2018లో చట్టం చేశారు కదా అని కోర్టుకెక్కాడు. 2021లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులంతా ఏకమై కుదరదన్నారు. తగ్గింపు పెద్ద తూకాలవాళ్లకేనట, ఇతని తూకం మరీ చిన్నదట. ఇంకో గ్రామున్నర దగ్గరుంచుకుని ఉంటే అర్జీకి అర్హుడయ్యేవాడు, లోకజ్ఞానం లేని మనిషి!

అదే ఏడాది రెండింటినీ సమానం చేసే బిల్లు ప్రతినిధుల సభలో 361–66 ఓట్లతో నెగ్గింది. సెనేట్ దాన్ని ఓటుకే పెట్టలేదు. చట్టంలో ఇప్పటికీ ఉన్నది 18 రెట్లే.