పాలు పాడిన పాటలు

"లాస్ట్ ప్రైస్?"

పదిహేను రోజులుగా నా ఫోను ఈ రెండు మాటలే కూస్తోంది. నమస్కారం లేదు, పేరు లేదు, ఆ సామాను పనిచేస్తుందా చచ్చిందా అన్న విచారణ లేదు. నలభై అయిదు వేలని ప్రకటనలో రాశాను. ఆ అంకె జోలికి ఒక్కడూ పోడు. పెళ్ళిచూపులకు వచ్చి, పిల్లను చూడకుండానే విడాకుల ఖర్చు అడిగినట్టుంటుంది నాకు.

అమ్మకానికి పెట్టింది నకమిచి క్యాసెట్ డెక్కు. మూడు హెడ్లది. 1986లో మా మేనమామ సింగపూర్ నించి ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. ఆయన అత్తను కూడా అంత పదిలంగా తీసుకురాలేదని అత్త ఇప్పటికీ అంటుంది. నా దగ్గర ఇలాంటివి ఇంకో మూడున్నాయి. ఒకటి పోతుందనగానే మా ఆవిడ ఆ చోట గ్రైండరు పెట్టడానికి కొలతలు తీసుకుంది.

"బ్లూటూత్ ఉందా?" అని ఒకడు. "మా పిల్లాడి సైకిల్ ఇస్తా, మార్చుకుందామా?" అని ఇంకొకడు. "డ్రాగన్ అయితే చెప్పండి" అని వేరొకడు. డ్రాగన్ అంటే అదే కంపెనీ 1982లో తెచ్చిన మహారాజు. క్యాసెట్ ఏ కాస్త వంకరగా రికార్డయినా తన హెడ్డును తానే సర్దుకునే రకం. అది నా దగ్గరుంటే అమ్ముకుంటానా, గుడి కట్టి కొలుచుకోనూ?

"లొకేషన్?" వత్రాప్. "అదెక్కడ, గల్ఫులోనా?" కాదు బాబూ. బోర్డు మీద వత్తిరాయిరుప్పు అని ఉంటుంది. చెన్నైలో పొదిగై ఎక్కి, శ్రీవిల్లిపుత్తూరులో దిగి, బస్సు పట్టుకుని, కృష్ణన్‌కోవిల్ దగ్గర మళ్ళి, కొండలు ముక్కుకు తగిలేదాకా వస్తే అదే మా ఊరు. ఇంత చెప్పాక వచ్చే జవాబు: "ఓకే. లాస్ట్ ప్రైస్?"

డెక్కు కొన్నవాళ్ళకు వంద క్యాసెట్లు ఉచితం అని రాయడం నేను చేసిన పొరపాటు. హైదరాబాదు పెద్దమనిషి ఒకాయన క్యాసెట్ల ఫొటో పంపమన్నాడు. పంపాను. ఫోనుతో వాటి మీది రాత చదివించుకుని అడిగాడు: "ఏమండీ, ఈ పాలు ఎవరు?"

మా ఇళ్ళలో మాట తెలుగు, రాత తమిళం. ఎప్పుడో విజయనగరం నాడు వలస వచ్చినవాళ్ళు తెలుగును నోట్లో పెట్టుకుని తెచ్చారు గాని, చంకన పలక పెట్టుకు రాలేదు. తమిళంలో ప, బలకు ఒకటే అక్షరం. క, గలకూ ఒకటే. మా నైనా ప్రతి క్యాసెట్ మీదా శ్రద్ధగా పేరు రాసేవాడు. బాలు అని రాస్తే, చదివే యంత్రానికి పాలు అయ్యాడు. ‘పాలు – పాతవి.’ ‘పాలు – కొత్తవి.’ ‘పాలు, సుసీల కలిపి.’ టేపు తెగి అతికించింది ఒకటుంది, దాని మీద ‘పాలు – తెగినవి.’ అలమారా నిండా ఇదే. బయటివాడు చూస్తే పాలకేంద్రం లెక్కలనుకుంటాడు. శ్రీవిల్లిపుత్తూరు పాలకోవాకు 2019లో భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. ఇచ్చేముందు మా అలమారా ఒకసారి చూసి ఉండాల్సింది.

ఘంటసాల భగవద్గీత ‘కండసాల పకవత్కీత’ అయింది. హైదరాబాదు ఆయన అది జిమ్ములో వేసుకునే పాటలనుకున్నాడు. నలభై దాటాక నాకు రోషం వచ్చి, పెద్ద బాలశిక్ష తెప్పించుకుని అక్షరాలు దిద్దుకున్నాను. నైనా దానికి అట్ట వేసి, అట్ట మీద తమిళంలో పేరు రాసి ఇచ్చాడు. పాలశిక్ష. అవును, శిక్షే.

చివరికి మొన్న ఆదివారం కోవిల్‌పట్టి నించి ఒకబ్బాయి నిజంగానే వచ్చాడు, చేతిలో కడలై మిఠాయి పొట్లంతో. గడపలోనే "మీరూ తెలుగోళ్ళేనా? ఇంటిపేరేంది?" అన్నాడు. నా గుండె జారింది. మా వైపు బేరంలో ఇంటిపేరు అడిగితే పని అయిపోయినట్టే. కాఫీ వచ్చేసరికి నేను మామనయ్యాను, ధర నలభై అయింది. గ్లాసు కింద పెట్టేసరికి "మనలో మనకేంది మామా" అన్నాడు, ముప్పై అయిదయింది. ఇంకో చుట్టరికం కలిస్తే ఎదురు కట్నమిచ్చి పంపాలి.

కాని పని తెలిసినవాడు. మూత తీసి, లోపలి రబ్బరు చక్రం గట్టిపడిందో లేదో వేలితో చూశాడు. ప్లే బాగుందన్నాడు. "రికార్డు కూడా చూద్దాం మామా, ఏదన్నా పాతది ఇవ్వండి" అంటూ అరలో చివరి క్యాసెట్ తీశాడు. ‘కీతాంజలి.’

నేను లాక్కున్నాను. పిల్లాడు బిత్తరపోయాడు.

ఆ అట్ట మీద రాత నాది. దాని కింద ఇంకో కాగితం ఉంది, నైనా రాసింది: ‘అవ్వ.’ మనవాళ్ళు ఆంధ్ర దేశం నించి రాత్రికి రాత్రి ఎట్లా బయల్దేరిందీ, దోవలో ఏరు ఎట్లా దారి ఇచ్చిందీ అవ్వ చెప్పుకొస్తుంటే నైనా ఒక పక్కంతా రికార్డు చేశాడు. కోవిల్‌పట్టి పక్క ఇడైసెవల్‌లో కి. రాజనారాయణన్ ఇలాంటి అవ్వల మాటలు విని పెరిగి 1976లో ‘గోపల్ల గ్రామం’ రాశాడు. నేను 1989లో ‘గీతాంజలి’ పాటలు ఎక్కించుకున్నాను. ఊళ్ళో కొత్త క్యాసెట్ దొరకలేదు, పక్కింటివాళ్ళది సాయంత్రానికి తిరిగివ్వాలి. పొరపాటున చెరిగిందని చెప్పుకోవడానికీ లేదు. ఎవరూ చెరపకూడదనే నైనా వెనక ప్లాస్టిక్ ముక్కను విరిచి పెట్టాడు. ఆ కన్నం మీద నేను టేపు ముక్క అంటించాను. 1963లో ఫిలిప్స్ వాళ్ళు క్యాసెట్ తెచ్చింది పాటల కోసం కాదట, మాటలు దాచుకోవడానికట. ఈ సంగతి చాలా ఆలస్యంగా చదివాను. అప్పటికి అవ్వ లేదు.

కొత్త క్యాసెట్ ఒకటి వెతికి ఇచ్చాను. అబ్బాయి తలుపు తెరిచి టార్చి వేశాడు.

"రికార్డు హెడ్డు, ప్లే హెడ్డు బాగుండాయి మామా. ఈ మొదటిది, చెరిపేది, ఎట్లా పనిచేస్తుంది?"

"దానికి వంక పెట్టేది లేదు అల్లుడూ. ఒక్క అక్షరం మిగల్చదు."