‘ఇంకా చదవలేదా?’ – టీకా తాత్పర్యము

మూలము

“అదేంటి మాస్టారూ, ఆ పుస్తకం ఇంకా చదవలేదా? అర్జెంటుగా చదివెయ్యండి. మీ లైఫే మారిపోద్ది.”

అవతారిక

బెజవాడ పుస్తక మహోత్సవమునకు పోయి, భుజమున గుడ్డసంచితో చిల్లకల్లులో బస్సు దిగిన యొకానొక పుస్తకప్రియుడు, టీకొట్టు ముందు బల్లపై గూర్చున్న రిటైరైన పంతులుగారిని జూచి పలికిన వాక్యమిది. కాలము జనవరి. వక్త పేరు చెప్పము. చెప్పినను ప్రయోజనము లేదు; ఇట్టివాడు ప్రతి యూరను గలడు, నందిగామలో ఇద్దరున్నారు.

మెదకు సీమలోని కొల్చారం వాడైన మల్లినాథసూరి, ఆధారము లేనిది వ్రాయను, అక్కరలేనిది చెప్పను అని ఒట్టు పెట్టుకొని వ్యాఖ్యలు రచించెను. ఆ ఒట్టులో మొదటి సగము మాకును సమ్మతమే. రెండవ సగముతో టీకాకారుని బ్రతుకు గడవదు.

ప్రతిపదార్థము

సులభము గనుక వదలితిమి.

పాఠభేదములు

‘ఆ పుస్తకం’ అన్నది మేము చేసిన పరిష్కారము. నిరుటి పాఠమున ఈ చోట ఒక రష్యన్ నవలానువాదమును, ముందటేటి పాఠమున డబ్బు సంపాదించు మార్గముల పుస్తకమును, అంతకు పూర్వము ఒక స్వామివారి ఆత్మకథయు గానవచ్చుచున్నవి. తక్కిన వాక్యమున అక్షరము మారలేదు. పుస్తకము మారినను వాక్యము మారనప్పుడు ఆ వాక్యము పుస్తకమును గూర్చినది కాదని తర్కము తెలిసినవారికి వేరుగ చెప్పవలెనా?

టీక

ఇంకా – వాక్యమునకు ప్రాణము ఈ యవ్యయము. వాచ్యార్థము ప్రశ్న. జవాబు కోరని ప్రశ్న గావున కాకువు. పంతులుగారు ‘లేదండీ’ అని నోరు తెరచునప్పటికే వక్త టీ చెప్పియుండెను. లక్ష్యార్థము: మీరు వెనుకబడితిరి. వ్యంగ్యార్థము: నేను చదివితిని. ఈ మూడవదాని కోసమే మొదటి రెండును.

ఇక్కడ మాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటుంది. ఆలంకారికులు లక్షణకు తరతరాలుగా ఒకే ఉదాహరణ ఇస్తూ వచ్చారు: గంగలో గొల్లపల్లె. ప్రవాహంలో పల్లె ఉండదు కదా, ముఖ్యార్థానికి బాధ కలిగింది. కాబట్టి గంగ అంటే గంగ గట్టు. మరి గట్టు అనే అనొచ్చుగా? అలా అంటే చల్లదనమూ పవిత్రతా తోచవు. అవి తోచడానికే గంగ అన్నారు. ధ్వని సిద్ధాంతం చెప్పిన ఆనందవర్ధనుణ్ణి సమర్థించేవాళ్ళూ కాదనేవాళ్ళూ ఆ ఒక్క పల్లె చుట్టూనే తిరిగారు. మా మెట్టకు వచ్చి ఉంటే వాళ్ళకు మరో ఉదాహరణ దొరికేది. ‘హైవే మీద చిల్లకల్లు.’ తారు మీద ఇళ్ళుండవు, ముఖ్యార్థ బాధ. రోడ్డు పక్కన అని లక్షణ. ఇక వ్యంజన: దుమ్ము, హారన్లు, టోల్‌గేటు, అర్ధరాత్రి సిమెంటు లారీలు. ఇందులోనే మరో ధ్వని కూడా ఉందని మా మనవి. హైదరాబాదులో అచ్చయి రోడ్డున బెజవాడకు పోయే పుస్తకాల కట్టలు ఈ ఊరి మీదుగానే పోతాయి. ఇక్కడ దిగవు.

రోడ్డు మాట వచ్చింది గనుక ఇంకొకటి. భారవి కావ్యానికి మల్లినాథుడు రాసిన వ్యాఖ్య పేరు ఘంటాపథం. గంటలు కట్టిన ఏనుగులు నడిచే రాజమార్గమన్నమాట. కొరుకుడు పడని కవి దగ్గరికి సామాన్యుడు కూడా నడిచి వెళ్ళేలా దారి వేశాడాయన. మన పుస్తకప్రియుడు వేసింది టోల్‌గేటు. తాను ఆవలికి దాటిపోయి, ఈవల ఆగిన పంతులుగారిని చూసి ‘ఇంకా?’ అంటున్నాడు.

ప్రకృతమునకు వత్తము.

అర్జెంటుగా – ఎవరికి అర్జెంటు? ఏ శాస్త్రగ్రంథమైనను మొదట నాలుగు సంగతులు తేల్చవలెనని పూర్వులు నియమించిరి: విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి. ఇందులో ఏమున్నది, చదివిన ఏమి లాభము, ఆ రెంటికి పొత్తు ఏమి, ఎవరు చదువదగినవారు. దీనికి అనుబంధ చతుష్టయమని పేరు. మూలవాక్యమున నాలుగింటిలో మూడు లేవు. విషయము లేదు, అడిగినచో ‘నేను చెప్తే మజా పోద్దండీ’ అనును. సంబంధము లేదు. అధికారి అసలే లేడు. పంతులుగారికి కళ్ళలో శుక్లాలు. చిన్న అక్షరాలు ఆనవు. రాత్రిళ్ళు అసలు చదవలేరు. ముప్పై ఏళ్ళు పిల్లల చేత పద్యాలు అప్పజెప్పించుకున్న మనిషి. ఆయనకు ఏం కావాలో, ఏం చదివితే నిద్ర పడుతుందో అడిగినవాడు లేడు. అందరూ చెప్పేవాళ్ళే. ప్రయోజనం మాత్రం చెప్పారు: లైఫ్ మారిపోద్దట. డెబ్బై దాటిన మనిషికి లైఫ్ మారడమంటే ఏమిటో కాస్త ఆలోచించి అనాల్సింది.

కోపము గ్రంథగౌరవమునకు తగదు. శమించితిమి.

ప్రసంగాంతరము

పది మందికీ పనికొచ్చేది ఒకటి ఇచ్చి, ఆ సంగతి నలుగురికీ తెలిసేలా చెప్పుకోవడం మా ప్రాంతానికి కొత్త కాదు. జగ్గయ్యపేట స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ వెలుగులోకి తెచ్చాడు. అక్కడి ప్రాకృత శాసనం మూడో శతాబ్దం నాటిది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ రాజ్యవర్షంలో సిద్ధార్థుడనే శిల్పి మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర అయిదు ఆయక స్తంభాలు నిలబెట్టించాడు. సకల ప్రాణుల హితం కోసమని చెక్కించాడు. తల్లి పేరు, భార్య పేరు, పిల్లల పేర్లు కూడా వేయించాడు. ఇదీ సొంత డబ్బానే, మేము కాదనము. అయితే క్రమం చూడండి. ముందు స్తంభాలు, ఆ తర్వాత వాటి మీద అక్షరాలు. ఎన్ని, ఏ ద్వారం దగ్గర అన్నీ ఉన్నాయి. అనుబంధ చతుష్టయానికి లోటు లేదు. మన మూలవాక్యంలో స్తంభాల్లేవు, శాసనం మాత్రం ఉంది.

మరీ పాతకాలం అంటారా, 1935కు రండి. పెదపాలెం పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవకెక్కించారు. పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలువ వెంట గ్రంథాలయం ఊరూరా తిరిగింది. గట్టు మీది రైతును చూసి ‘ఇంకా చదవలేదా’ అనలేదు. పుస్తకం చేతిలో పెట్టింది. అంతకు 21 ఏళ్ళ ముందు, 1914లో, అయ్యంకి వెంకటరమణయ్య గారు బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టించింది కూడా ఈ చేతికందించే పని కోసమే.

ఆ పడవ మాకు రాలేదు. రావడానికి కాలువేదీ? డెల్టాకు కాలువలుండేవి, పడవలుండేవి. మెట్టకు వానే గతి. సాగర్ ఎడమ కాలువ వచ్చేసరికి పడవల రోజులే పోయాయి. నీళ్ళొచ్చాయి, మిర్చి వచ్చింది, పత్తి వచ్చింది. పుస్తకం కావాలంటే నేటికీ సుమారు 70 కిలోమీటర్లు బెజవాడకు పోవాలి. దగ్గర్లో దొరికేవి గైడ్లూ నోటు పుస్తకాలూ. ఆన్‌లైన్లో తెప్పించుకోవచ్చుగా అంటారు. పింఛను మనిషిని వెయ్యి రూపాయల పుస్తకం కళ్ళతో చూడకుండా కొనమనడం తేలికే, డబ్బు మనది కానప్పుడు.

పూర్వపక్షము

“పుస్తకం నా సంచిలోనే ఉందండీ. ఇవ్వాలనే ఉంటది. ఇచ్చినవి తిరిగి రావు.”

సిద్ధాంతము

ఈ పూర్వపక్షము బలమైనది. నిజముగనే తిరిగి రావు. మా యింట పరుల పుస్తకములు కొన్ని గలవు. ఆ విషయము ఇచట అప్రస్తుతము.

అందుకే గదా గ్రంథాలయం. 1960 చట్టం కింద మన ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల లెక్కన గ్రంథాలయ పన్ను కట్టించుకుంటున్నారు. పంతులుగారూ కట్టారు, సంచి భుజాన వేసుకున్న పెద్దమనిషీ కట్టాడు. మేమెరిగిన ఒక శాఖా గ్రంథాలయంలో పొద్దున పూట పేపర్ల బల్ల దగ్గర నలుగురుంటారు, పోటీ పరీక్షల పిల్లలు ఇద్దరుంటారు. నవలల బీరువాకు తాళం. తాళంచెవి ఎవరి దగ్గరో అడిగితే ఒకరినొకరు చూసుకుంటారు. కొత్త పుస్తకం వచ్చి ఎన్నాళ్ళయిందని అడగడం మర్యాద కాదు గనుక అడగలేదు.

తాత్పర్యము

పంతులుగారు ఆ పుస్తకము చదువలేదు. చదువగల అవకాశమును లేదు. వక్తకు ఈ రెండును తెలియును. ‘చదివాక చెప్పండి’ అని లేచి పోయెను. టీ డబ్బులు పంతులుగారే ఇచ్చిరి.

విశేషము

గ్రంథాలయంలో పాఠకుల సూచనలకు ఒక పుస్తకం ఉండాలి. లేకపోతే పెట్టమని అడగాలి. ‘అర్జెంటు’ అన్న మాట రాయాల్సింది అందులో: పుస్తకం పేరు, రచయిత పేరు, ఎవరు అచ్చేశారు, వెల ఎంత, ఎవరికి పనికొస్తుంది, కింద సంతకం. పెద్ద అక్షరాల ప్రతి దొరుకుతుందా లేదా అన్నది కూడా రాస్తే పంతులుగారికి మేలు. గుడ్డసంచి ఆసామి ఎక్కాల్సిన తరువాతి బస్సుకు ఇంకా ముప్పావుగంట ఉంది. పెన్ను కూడా జేబులోనే ఉంది.