యాభై తొమ్మిది పూసలు

నేను జపమాలను. యాభై మూడు చిన్న పూసలు, ఆరు పెద్దవి, కొసన సిలువ. ఫిబ్రవరి తిరునాళ్లలో గుణదల కొండ కింద బేరమాడి నన్ను కొన్న మామ్మది ఫిరంగిపురం. రెండెకరాల మిరప, ఎకరం పత్తి. ఎంత తుడిచినా నా పూసల సందుల్లో మిరప ఘాటు పోదు. పక్కన కూర్చున్న మనవరాలికి తుమ్ములు.

నన్ను తిప్పి తీరాలని శ్రీసభ ఎవరినీ నిర్బంధించలేదు. ఆదివారం పూజ అలా కాదు, సరైన కారణం లేకుండా మానితే పాపం. నన్ను మేకుకు తగిలించి మర్చిపోయినా ఏ పాపమూ లేదు. మొదట్లో నాకది చిన్నతనంగానే ఉండేది. మామ్మ లెక్క వేరు. కోతల రోజుల్లో, కల్లంలో కాయ ఆరబోసి ఉండగా మబ్బు పట్టిందంటే, ఆవిడ పూజకు వెళ్లకపోవచ్చు. నన్ను పట్టుకోకుండా మాత్రం పడుకోదు. 2021లో నల్ల తామర పురుగు మిరప పూతను తినేసినప్పుడు ప్రతి మంగళవార్త జపం మధ్యలో ఒక మొక్కు. పంట నిలిస్తే తలనీలాలిస్తానని, కొబ్బరికాయ కొడతానని. జపంలో లేని మాటలు నేను మోసినన్ని ఎవరు మోశారు!

మనవరాలు మొదటి సత్ప్రసాదం కోసం ఉపదేశి దగ్గరకు వెళ్లడం మొదలుపెట్టాక ఇంట్లో పేచీ వచ్చింది.

"లూర్దులో తల్లి కనబడిందని నమ్మకపోయినా పాపం కాదంట మామ్మా!"

మామ్మకు చుర్రుమంది. "ఎవరే ఆ మాటన్నది?"

ఉపదేశి చెప్పింది నిజమే. మరియమ్మ జన్మపాపం అంటకుండా ఉద్భవించిందని 1854 డిసెంబరు 8న తొమ్మిదో పయస్ పోపుగారు ప్రకటించారు. అది విశ్వాస సత్యం, కతోలికులు నమ్మి తీరాలి. నాలుగేళ్లకు లూర్దు గుహలో బెర్నదెత్ అనే పేదపిల్లకు కనబడిన అమ్మ, ఆ నిష్కళంక ఉద్భవాన్నే తన పేరుగా చెప్పింది. అక్కడి బిషప్ విచారణ జరిపించి 1862లో అది నమ్మదగిందేనన్నారు. అంతవరకే. పేరు వెనకున్న సత్యం తప్పనిసరి, గుహ సంగతి మన ఇష్టం. 1924లో ఆర్లాటి స్వామి గుణదలలో నిలిపింది ఆ లూర్దు మాత స్వరూపాన్నే. అంటే ఏటా కొండ ఎక్కే ఆ జనమంతా ఎవరూ ఆజ్ఞాపించకుండానే వస్తున్నారు. ఇది తెలిశాక నా చిన్నతనం కాస్త తగ్గింది.

అలాగని నేను కట్టు తెంచుకున్నదాన్నీ కాదు. నన్ను పట్టిన చెయ్యి ముందు సిలువ దగ్గర విశ్వాస సంగ్రహం చెప్పాలి. మామ్మ ఆ ముక్కను మిరపకాయ తొడిమ తుంచినట్టు తుంచేసి పూసల్లోకి దూకుతుంది. పిల్ల అక్కడే ఆగిపోయి, యేసు పాతాళానికి ఎందుకు దిగాడని అడుగుతుంది. "ఉపదేశిని అడుగు" అంటుంది మామ్మ, ఇంకా కోపం పోక.

గురువారాలది మరో తంటా. 2002లో రెండో జాన్ పాల్ పోపుగారు నన్ను తిప్పుతూ తలచుకునే రహస్యాలకు వెలుగు రహస్యాలు చేర్చి గురువారానికి సూచించారు, పాటించడం మాత్రం భక్తుల ఇష్టానికే వదిలారు. మామ్మ చిన్నప్పటి నుంచీ గురువారం సంతోష రహస్యాలే చెబుతోంది, మానదు. పిల్ల వెలుగు రహస్యాలంటుంది. ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే కాబట్టి, ముందు ఎవరి చేతికి దొరికితే ఆ రాత్రి వాళ్ల రహస్యాలు.